ఆ ఒక్క రోజు కచేరీని కత్తిరించకండి: ఆకాశవాణికి బహిరంగ లేఖ

ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి, ఆకాశవాణి డైరెక్టర్ జనరల్ గారికి,
విజయవాడ, హైదరాబాద్, విశాఖపట్నం, కడప కేంద్రాల కార్యక్రమ, ఇంజనీరింగ్ విభాగాధిపతులకు,

నమస్కారం.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 2028లో అదే తేదీకి 80 ఏళ్లు నిండుతాయి. ఏటా డిసెంబరు 1న తెల్లవారుజామున అయిదున్నర నుంచి రాత్రి పదకొండు దాకా నాలుగు కేంద్రాలూ కలిసి శాస్త్రీయ సంగీతమే ప్రసారం చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. 2028 నాటికి ఈ పనిలో చేయి తిరిగి ఉండాలంటే అంతకు ముందు వచ్చే డిసెంబరు ఒకటో తేదీల్లోనే మొదలుపెట్టాలి. పదిహేడున్నర గంటల సంగీతాన్ని పోగుచేయడం కష్టం కాదు, అంతకు ఎన్నో రెట్లు మీ భాండాగారంలో ఉంది. దాన్ని ఎలా వినిపిస్తారన్నదే మా విన్నపం.

2016 జనవరి 26 నుంచి ‘రాగం’ పేరుతో ఇరవై నాలుగు గంటల శాస్త్రీయ సంగీత ఛానల్ నడుస్తోంది కదా అని మీరు అడగవచ్చు. అది దేశమంతటికీ ఉద్దేశించినది. తెలుగులో రాగం పేరు, తాళం పేరు చెప్పి, తెలుగు నేల మీద పుట్టిన బాణీలను వరసగా వినిపించి, తెలుగులో పాఠం చెప్పే చోటు అందులో ఉండదు, ఉండాలని కోరడం న్యాయమూ కాదు. ఆ పని స్థానిక కేంద్రాలది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం పాడిన మైకు, అన్నవరపు రామస్వామి వయొలిన్, దండమూడి రామమోహనరావు మృదంగం పలికిన మైకు విజయవాడది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటి వాగ్గేయకారుడు అధికారి కుర్చీలో కూర్చున్న సంస్థ ఇది. ‘భక్తిరంజని’ విని నిద్రలేచిన ఇళ్లు ఆంధ్రదేశమంతటా ఉన్నాయి. ఈ వారసత్వానికి ఏడాదిలో ఒక పూర్తి రోజు ఎక్కువేమీ కాదు.

ముందు నిడివి సంగతి. మాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

కర్ణాటక సంగీత కచేరీకి తనదైన లెక్క ఉంది. తొంభై నిమిషాల గాత్ర కచేరీ తీసుకుందాం. వర్ణానికి ఆరు నిమిషాలు, తర్వాత చిన్న కృతికి ఆరు, కొద్దిపాటి ఆలాపనతో, స్వరంతో మరో కృతికి పది, మధ్యలో చురుకైన కృతికి నాలుగు. ఇక ప్రధాన రాగం. గాయకుడి ఆలాపన పన్నెండు నిమిషాలు, వయొలిన్ ఆలాపన ఆరు, కృతి పన్నెండు, నెరవల్ (ఒక పంక్తిని రకరకాలుగా విస్తరించడం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) కలిపి పన్నెండు, తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా పలికే భాగం) పన్నెండు. అంటే ఒక్క రాగానికే యాభై నాలుగు నిమిషాలు. చివర పదమో జావళియో తిల్లానాయో ఆరు నిమిషాలు, సౌరాష్ట్ర రాగంలో మంగళం రెండు. మొత్తం ఎనభై ఎనిమిది. ఇందులో విలాసమేమీ లేదు. కాంభోజియో, తోడియో, శంకరాభరణమో విస్తరించాలంటే విద్వాంసుడికి పట్టే కనీస కాలం ఇది.

ఇదే కచేరీని గంటకు కుదించమంటే ఏం పోతుంది? వర్ణం పోదు, కృతి పోదు, ఎందుకంటే వాటి నిడివి సాహిత్యంతో ముడిపడి ఉంది. ఆలాపన సగమవుతుంది. గాయకుడు గడియారం చూస్తూ పాడతాడు కనుక స్వరకల్పన తొందరపడుతుంది. చివరికి మిగిలిన లోటంతా తని మీద పడుతుంది. స్టూడియో అద్దం అవతల నుంచి ‘ఐదు నిమిషాలే’ అని సైగ వచ్చేసరికి మృదంగ విద్వాంసుడు అప్పుడే మొదలుపెట్టి ఉంటాడు. చతురశ్రంలో (నాలుగేసి లెక్కల నడకలో) కాస్త వాయించి, గతి మార్చకుండానే మోహరాకు, ముక్తాయింపుకు (తనిని ముగించే లయ వరసలకు) వచ్చేస్తాడు. రేడియో కచేరీల్లో తని ఎప్పుడూ చిన్నదిగానే వినిపించడానికి కారణం వాద్యకారుడి శక్తి తక్కువై కాదు. ఆ సమయానికి కుదించడానికి వీలుగా మిగిలిన భాగం అదొక్కటే కావడం. ఒక తరం శ్రోతలు తని అంటే నాలుగు నిమిషాలే అనుకుంటూ పెరిగారు. దండమూడి, యెల్లా వెంకటేశ్వరరావు వంటి మృదంగ విద్వాంసులు పుట్టిన నేల మీద ఇలా జరగకూడదు.

కాబట్టి మా మాట: ఆ రోజు ప్రధాన కచేరీలు మూడే పెట్టండి, ఒక్కొక్కటి తొంభై నిమిషాలకు తగ్గకుండా. అరగంట కార్యక్రమాలు ఉంటే ఉండనివ్వండి. కానీ అరగంటలో తని పెట్టకండి, రాగం తానం పల్లవి (ఆలాపన, తానం తర్వాత ఒకే పల్లవి పంక్తి మీద సాగే దీర్ఘ విస్తరణ) అసలు అడగకండి. ముప్ఫై నిమిషాల్లో ఒక రాగాన్ని అయిదారు నిమిషాలు ఆలపించి, ఒక మంచి కృతిని సంగతులన్నిటితో (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులతో) పాడి, నాలుగు ఆవర్తనాల (తాళపు చుట్ల) స్వరం వేసి, ఒక చిన్న పదంతో ముగిస్తే నిండుగా ఉంటుంది. పది మంది విద్వాంసులకు తలా అరగంట పంచడం న్యాయంగా కనబడవచ్చు. విన్నవాడికి మాత్రం పదిసార్లు వర్ణం, పదిసార్లు మంగళం మిగులుతాయి.

నిడివి కాగితం మీద ఇస్తే సరిపోదు, దాన్ని ప్రసారంలో కాపాడాలి. తొంభై నిమిషాల స్లాటులో సంగీతం ఎనభై ఎనిమిది నిమిషాలే ఉండాలి. ముందు ప్రకటనకు నలభై అయిదు సెకన్లు, తర్వాతి ప్రకటనకు మరో నలభై అయిదు, మిగతా అర నిమిషం ఊపిరి. విద్వాంసుడికి ఈ ఎనభై ఎనిమిది సంగతి వారం ముందే చెప్పాలి. రికార్డింగులో సైగ రెండుసార్లు చాలు: తని మొదలుకావలసిన వేళకు పది నిమిషాల ముందు ఒకసారి, మంగళానికి అయిదు నిమిషాల ముందు ఒకసారి. తని మధ్యలో సైగ చేయకూడదు. ముక్తాయింపు మూడుసార్లు పలికి ఎత్తుగడ (పాట ఎత్తుకునే చోటు) మీద పడేదాకా లెక్క నడుస్తూ ఉంటుంది. మధ్యలో తొందరపెడితే విద్వాంసుడు ఆ లెక్క వదిలేసి చిన్న ముక్తాయింపు వెతుక్కోవాలి.

కంప్యూటరుతో నడిచే ప్రసారంలో మరో ప్రమాదం ఉంది. ఏ రేడియోలోనైనా ఆటోమేషన్ పట్టికలో తర్వాతి అంశానికి ‘ఈ క్షణానికే మొదలు’ అని గట్టి సమయం పెడితే, ముందు అంశం ఇరవై సెకన్లు మిగిలి ఉన్నా యంత్రం దాన్ని కోసేస్తుంది. శ్రోతకు మంగళంలో సగం వినిపించి, సబ్బు ప్రకటన వినిపిస్తుంది. వార్తలకు తప్ప ఆ రోజు దేనికీ గట్టి సమయం పెట్టకండి. మిగతా అంశాలన్నీ ఒకదాని వెనక ఒకటి అయిపోయాక మొదలయ్యేలా అమర్చండి. తేడాను సర్దడానికి రెండు నిమిషాల నుంచి ఆరు నిమిషాల దాకా పూర్తి నిడివి గల చిన్న రచనలు ఓ ఇరవై సిద్ధంగా ఉంచండి. క్షేత్రయ్య పదంలో పల్లవి, అనుపల్లవి, నారాయణ తీర్థుల తరంగం, రామదాసు కీర్తన, తిల్లానా. వీటిలో ఏదీ మధ్యలో ఆపవలసిన అవసరం రాకుండా నిడివిని సెకన్లతో సహా పెట్టె మీద రాసి ఉంచాలి. నాలుగు నిమిషాల ఖాళీకి నాలుగు నిమిషాల తరంగమే వేయాలి. ఏడు నిమిషాల కృతి వేసి నాలుగో నిమిషంలో గొంతు తగ్గించడం మాత్రం వద్దు.

వార్తలను తీసేయమని మేం అడగడం లేదు. అవి ఆకాశవాణి బాధ్యత. కానీ రాత్రి రాగం తానం పల్లవి సాగుతున్నప్పుడు వార్తల వేళ వస్తే, వార్తలను మీడియం వేవ్ మీద ఇస్తూ కచేరీని ఎఫ్‌ఎం మీద ఆపకుండా నడిపించవచ్చు. విజయవాడకు రెయిన్‌బో కృష్ణవేణి 102.2 ఉంది, హైదరాబాద్‌కు 101.9 ఉంది. ఏది ఎక్కడ వినబడుతుందో ఆ ఉదయం నుంచే చెబుతూ ఉంటే చాలు.

ఇక వేళ సంగతి. డిసెంబరు మొదట్లో మన ప్రాంతంలో సూర్యోదయం ఆరు దాటాకే. అయిదున్నరకు నాదస్వరం, డోలుతో మొదలుపెడితే భూపాలం, బౌళి రాగాలు చీకటి ఉండగానే వినిపించవచ్చు, వెలుగు వచ్చేసరికి మలయమారుతానికి రావచ్చు. మంగళవాద్యానికి ఐదు నిమిషాలు ఇచ్చి ముగించే అలవాటును ఆ రోజుకు పక్కన పెట్టి పూర్తి అరగంట ఇవ్వండి. షేక్ చినమౌలానా నాదస్వరం వినిపించడానికి అంతకన్న మంచి వేళ దొరకదు. ఆరింటికి భక్తిరంజని. ఎనిమిదిన్నర నుంచి మొదటి పెద్ద కచేరీలో బిలహరి, కేదారం, సావేరి, ధన్యాసి వంటివి పాడించవచ్చు. మిట్టమధ్యాహ్నం శ్రీరాగం, మధ్యమావతి. సాయంత్రం పూర్వికల్యాణి, కల్యాణి, వసంత. రాత్రి ఆఖరున నీలాంబరి. కర్ణాటక సంగీతంలో ఈ వేళల పట్టింపు ఇప్పుడు సడలింది, సభల్లో పాటించేవారు తక్కువే. అయినా రోజంతా ఒకే వరసలో వినే శ్రోతకు ఆ పట్టింపు ఎందుకు పుట్టిందో తెలిసివచ్చే అవకాశం రేడియోకే ఉంది, రెండు గంటల సభకు లేదు.

హిందుస్తానీలో ఈ పట్టింపు ఇంకా గట్టిది, దాన్ని హైదరాబాద్ కేంద్రానికి అప్పగించండి. దక్కన్ రేడియోగా ఉండి 1950లో ఆకాశవాణిలో కలిసిన కేంద్రం అది. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీఖాన్ చివరి రోజులు గడిపి, 1968లో కన్నుమూసిన ఊరు అది. ఉదయం పదకొండు లోపు తోడి, మధ్యాహ్నం సారంగ్, సాయంత్రం నాలుగు దాటాక ముల్తానీ, దీపాలు పెట్టే వేళకు పూరియా, రాత్రి బాగేశ్రీ, దర్బారీ. ఇక్కడ అనౌన్సరు ఒక జాగ్రత్త తీసుకోవాలి. హిందుస్తానీ తోడి స్వరాలు మన శుభపంతువరాళికి దగ్గర. మన తోడి స్వరాలు వాళ్ల భైరవికి దగ్గర. మన భైరవి మళ్లీ వేరు. ఒకే రోజున రెండు సంప్రదాయాలు వినిపిస్తున్నప్పుడు ‘ఇప్పుడు తోడి రాగం’ అని ఊరుకుంటే, నేర్చుకుంటున్న పిల్లలు అయోమయంలో పడతారు. ‘హిందుస్తానీ తోడి’ అని చెప్పి, మన పద్ధతిలో దేనికి దగ్గరో ఒక్క వాక్యంలో చెప్పండి.

సంగీత పాఠం తప్పక ఉండాలి. ఓలేటి వారు విజయవాడ నుంచి చెప్పిన సంగీత శిక్షణ పాఠాలు గురువు దొరకని పల్లెల్లో ఎందరికో గురువయ్యాయి. ఆ రోజుకు ఆది తాళంలో ఒక కళలో నడిచే చిన్న కృతి ఒకటి ఎంచుకోండి. తాళంలో ఒక్కో అక్షరానికి (లెక్కకు) ఒక సెకను చొప్పున ఒక ఆవర్తనం ఎనిమిది సెకన్లు. గురువు ఒక సంగతి రెండుసార్లు పాడితే పదహారు సెకన్లు, తర్వాత శ్రోత పాడుకోవడానికి ఎనిమిది సెకన్ల ఖాళీ, తప్పు ఎక్కడ వస్తుందో చెప్పడానికి ఓ ఆరు సెకన్లు. అంటే అర నిమిషానికి ఒక సంగతి, ఇరవై అయిదు నిమిషాల్లో యాభై. పల్లవి, అనుపల్లవి, చరణం మూడు సంగతులతో నేర్పి మళ్లీ మొదటి నుంచి పాడించడానికి సరిపోతుంది.

పాఠాలు చెడేది ఆ ఎనిమిది సెకన్ల ఖాళీలోనే. రేడియోలో నిశ్శబ్దమంటే భయం కనుక ఆ ఖాళీని తగ్గిస్తారు, లేదా శిష్యుల చేత పాడించి నింపేస్తారు. అప్పుడు ఇంట్లో వింటున్నవారికి పాడుకునే చోటు ఉండదు. పైగా నిశ్శబ్దాన్ని పసిగట్టి ప్రత్యామ్నాయ ప్రసారానికి మారిపోయే పరికరం లైనులో ఉంటే అది కూడా అడ్డుపడవచ్చు. ఖాళీలో తంబూర, చేతి తాళం వినబడుతూ ఉంటే ఈ రెండు చిక్కులూ తీరతాయి. మరొకటి శ్రుతి, అంటే గొంతుకు ఆధారమైన షడ్జం ఎత్తు. ఒకటో శ్రుతిలో మగవారు చెప్పిన పాఠాన్ని ఐదున్నర శ్రుతి గల ఆడపిల్ల అనుసరించలేదు. అదే పాఠాన్ని ఉదయం ఏడింటికి స్త్రీ గళంతో ఐదున్నర శ్రుతిలో, మధ్యాహ్నం పురుష గళంతో ఒకటో శ్రుతిలో రెండుసార్లు ఇవ్వండి. స్వర సాహిత్యాలు ముందుగానే ఒక పేజీలో ఇంటర్నెట్‌లో పెట్టండి. సాయంత్రం కచేరీలో గాయకుడు అదే కృతిని అవే సంగతులతో పాడితే, పొద్దున నేర్చుకున్న పిల్లలు తమకు తెలిసిన పాటను విద్వాంసుడి గొంతులో గుర్తుపడతారు. ఈ ఒక్క ఏర్పాటుకు అదనంగా పైసా ఖర్చు లేదు.

ఇంజనీరింగ్ విభాగం వారికి ఇప్పుడు కాస్త వివరంగా.

మాటల కార్యక్రమాలకూ సినిమా పాటలకూ అమర్చిన కంప్రెసర్ (గట్టి, మెల్లని ధ్వనుల మధ్య తేడాను తగ్గించే పరికరం) మీదుగా కచేరీని పంపితే సంగీతం దెబ్బతింటుంది. ధ్వని తగ్గినప్పుడల్లా ఆ పరికరం దాన్ని పైకి లాగుతుంది. గాయకుడు ఆలాపనలో ఊపిరి తీసుకునేసరికి వెనక తంబూర ఒక్కసారిగా ఉబికి వస్తుంది, మళ్లీ గొంతు ఎత్తగానే అణిగిపోతుంది. వీణకు ఇంకా నష్టం. తీగను ఒకసారి మీటి, ఆ మీటులోనే నాలుగు స్వరాల గమకం లాగడం వీణ ప్రాణం. మీటు గట్టిగా, దాని తోక మెల్లగా వినబడాలి. కంప్రెసర్ మీటును అణచి తోకను ఎత్తుతుంది, రెండూ ఒకే ఎత్తున వినబడతాయి. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు ఆ తేడాల మీదే తమ బాణీలు కట్టుకున్నారు. అందుకే ఆ రోజుకు ప్రాసెసర్‌లో వేరే అమరిక ఒకటి దాచి ఉంచండి: నిష్పత్తి ఒకటిన్నరకు ఒకటి, మించితే రెండుకు ఒకటి. రిలీజ్ సమయం (అణిచిన ధ్వనిని తిరిగి వదిలే వేగం) నెమ్మదిగా, సెకన్ల లెక్కలో. ధ్వని ఒక స్థాయి కన్న తగ్గితే పైకి లాగడం ఆపేసే గేటు తప్పనిసరి. లిమిటర్ (హద్దు దాటిన ధ్వనిని అణిచేది) శిఖరాలను మాత్రమే తాకాలి.

ఎఫ్‌ఎంలో ప్రీ ఎంఫసిస్ (సన్నని ధ్వనులను ప్రసారానికి ముందే పెంచే ఏర్పాటు) వల్ల పై ఫ్రీక్వెన్సీ ధ్వనులు ముందే హెచ్చుతాయి. కంజీర బిళ్లలు, మోర్సింగ్, మృదంగం మీద గట్టి చాపు పడగానే లిమిటర్ మొత్తం సంగీతాన్ని క్షణం పాటు కిందికి తోస్తుంది. తని మధ్యలో తంబూర మాయమైపోతుంటే కారణం ఇదే. పై ఫ్రీక్వెన్సీ ధ్వనులకు విడిగా లిమిటర్ ఉంటే ఆ చిక్కు తగ్గుతుంది. మీడియం వేవ్‌లో నాలుగున్నర, అయిదు కిలోహెర్ట్జ్‌ల పైన ధ్వని చేరదు కాబట్టి తంబూర జీవా (తీగ కింది నూలు పోగు) ఇచ్చే మెరుపు ఎలాగూ పోతుంది. అక్కడ తంబూరను రికార్డింగులోనే కాస్త ముందుకు తేవాలి. యాప్‌లో వినేవారికి బిట్‌రేటు కనీసం 128 కేబీపీఎస్ ఉండాలి. అంతకు బాగా తగ్గితే మొదట గరగరమనేది తంబూరే.

స్టూడియోలో జరిగే పొరపాట్లు దాదాపు అన్ని చోట్లా ఒకే రకం. బయట తేమ, లోపల ఏసీ. పొడి గాలికి మృదంగం కుడి వైపు చర్మం బిగిసి శ్రుతి పైకి పోతుంది, ఎడమ వైపు అద్దిన రవ్వ ముద్ద ఎండి లోతైన నాదానికి బదులు డబ్బా మోత వస్తుంది. వాద్యాలను గంట ముందే స్టూడియోలోకి తెచ్చి, ఏసీని అదే ఉష్ణోగ్రతలో ఉంచి, వర్ణం కాగానే రవ్వ తడుపుకోవడానికి అర నిమిషం ఇవ్వాలి. ఆ అర నిమిషం తర్వాత కోసేయవచ్చు. గాయకుడి మైకు నోటికి పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో, పెదవుల కన్న కొంచెం కిందుగా ఉండాలి. గాయకుడి కుడి పక్కన మృదంగం ఉంటుంది కనుక మైకు వినని వైపును మృదంగం కేసి తిప్పాలి. వయొలిన్‌కు బ్రిడ్జి పైన నలభై, యాభై సెంటీమీటర్ల ఎత్తు. బ్యాలెన్స్ వర్ణంలో చూసి ఊరుకుంటే తనిలో మీటరు ఎర్రగా మారుతుంది. తనిలో వాయించబోయే గట్టి దెబ్బలు ముందే వాయించమని అడిగి, ఆ పైన ఇంకో పది డెసిబెల్స్ ఖాళీ వదలాలి. గాయకుడి ఆలాపనలో వయొలిన్‌ను తగ్గించి, వయొలిన్ వంతు వచ్చినప్పుడు పెంచడం మరిచిపోతే తొలి రెండు స్వర ప్రయోగాలు పోతాయి. బోర్డు దగ్గర కూర్చునేవారికి సంగీతం తెలిసి ఉండాలని మేం పట్టుబట్టేది ఇందుకే. నిలయ విద్వాంసుల్లో ఒకరిని ఆపరేటర్ పక్కన కూర్చోబెట్టండి. విద్వాంసుల స్థానాలు ఖాళీగా ఉన్న కేంద్రాలు ఆ ఒక్క రోజుకు విజయనగరం మహారాజా కళాశాల నుంచో, విజయవాడ ఘంటసాల కళాశాల నుంచో, హైదరాబాద్ త్యాగరాజ కళాశాల నుంచో ఒక అధ్యాపకుణ్ని పిలిపించుకోవచ్చు.

పాత టేపులు ఈ రోజుకు వెన్నెముక. సరిగ్గా వినిపించకపోతే అవి విద్వాంసుడి పేరుకు మచ్చ తెస్తాయి. ముఖ్యమైనది వేగం. టేపు ఆరు శాతం వేగంగా తిరిగితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది. ఒకటో శ్రుతిలో పాడినది ఒకటిన్నరలో వినబడుతుంది, కాలప్రమాణం కూడా ఆ మేరకు పరుగెత్తుతుంది. గొంతు సన్నబడి, బృగాలు (వేగంగా దొర్లే స్వరాల వరసలు) గిలకల్లా వినిపిస్తాయి. విన్నవారు ‘ఆయన గొంతు అంతే’ అనుకుంటారు. దీన్ని పట్టుకునే మార్గం టేపులోనే ఉంది. పాత రికార్డింగుల్లో కరెంటు హమ్ సన్నగా పడి ఉంటుంది. మన దేశంలో అది 50 హెర్ట్జ్. టేపు నుంచి వచ్చే ఆ హమ్ 53 దగ్గర కనబడితే టేపు ఆరు శాతం వేగంగా తిరుగుతున్నట్టే. ప్లేయరు తాలూకు సొంత హమ్‌తో దాన్ని పొరబడకూడదు, టేపు ఆపినా వినబడేది ప్లేయరుదే. ఆపైన ఆ విద్వాంసుడు మామూలుగా పాడే శ్రుతితో సరిచూసుకోవాలి.

టేపును యంత్రానికి ఎక్కించే ముందు స్పూలును పక్క నుంచి వెలుతురుకు పట్టి చూడండి. వెలుతురు లోపలికి చొరబడితే అసిటేట్, చొరబడకపోతే పాలిస్టర్. అసిటేట్ టేపు పుల్లటి వెనిగర్ వాసన వేస్తుంటే అది క్షీణిస్తోందని అర్థం, మిగతా వాటి నుంచి వేరు చేసి ముందుగా దాన్నే కాపీ చేయాలి. 1970ల, 80ల పాలిస్టర్ టేపుల్లో కొన్ని జిగురెక్కి హెడ్‌కు అంటుకుని కీచుమంటాయి. వాటిని యాభై నాలుగు డిగ్రీల దగ్గర గంటల తరబడి నియంత్రిత వేడిలో ఉంచితే ఒకసారి ఆడించుకునే స్థితికి వస్తాయి. అసిటేట్‌ను మాత్రం ఎప్పుడూ వేడి చేయకూడదు. ప్రతి టేపుకూ హెడ్ అజిముత్ (టేపుకు హెడ్ ఆనే కోణం) సరిచేయాలి, లేకపోతే వయొలిన్ కమాను స్పర్శ మొద్దుబారుతుంది. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో మోనో గంటకు ఒక గిగాబైటు కాస్త దాటుతుంది. ఈ రోజుల్లో అది పెద్ద చోటేమీ కాదు, కనుక ఎంపీ3గా మార్చి టేపు పారేయకండి.

నాయిస్ రిడక్షన్ సాఫ్ట్‌వేరు గురించి ఒక గట్టి హెచ్చరిక. ఆగకుండా ఒకే తీరుగా వినబడే ధ్వనిని అది రొదగా లెక్కిస్తుంది. మన సంగీతంలో ఆగకుండా వినబడేది తంబూర. టేపు హిస్ తీసేయబోయి తంబూరను తీసేసిన ప్రతులు లోకంలో చాలా తిరుగుతున్నాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌ను హిస్‌తో వినడానికి మాకు అభ్యంతరం లేదు.

కొత్త రికార్డింగు, పాత మోనో టేపు, అనౌన్సర్ మాట పక్కపక్కనే వచ్చే రోజు ఇది. శిఖరాల మీటరు చూసి సరిచేస్తే మాట గట్టిగా, వీణ పీలగా వినబడతాయి. లౌడ్‌నెస్ మీటరుతో (చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచేది) అన్నిటినీ −23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు తెచ్చి, మాటను దానికి రెండు యూనిట్లు తగ్గించి ఉంచండి.

ప్రకటనలు క్లుప్తంగా ఉండాలి కానీ వివరం వదలకూడదు. ముందు: పాడేవారు, పక్కవాద్యాలవారు అందరి పేర్లు, రాగం, తాళం, వాగ్గేయకారుడు. తర్వాత: అవే మళ్లీ, పాత రికార్డింగైతే ఏ సంవత్సరానిదో కూడా. సగంలో రేడియో పెట్టినవారికి ఈ రెండో ప్రకటనే ఆధారం. ఘటం, మోర్సింగ్ వాయించినవారి పేరు ‘తదితరులు’లో కలపకండి. ఆలాపన మీద మాట పడకూడదు, చప్పట్లు ఉంటే అవి అయ్యేదాకా ఆగాలి.

సాయంత్రం ఆరున్నర కచేరీ ప్రత్యక్ష ప్రసారంగా, శ్రోతలను పిలిచి పెట్టండి. విద్వాంసుడు ఎదుట మనుషులుంటే పాడే తీరు వేరు. మన ఆరున్నర దుబాయ్‌లో సాయంత్రం అయిదు, లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, న్యూజెర్సీలో ఉదయం ఎనిమిది, డాలస్‌లో ఏడు. అన్ని చోట్లా మెలకువగా ఉండే వేళ ఇది, కనుక ఆ రోజుకల్లా గొప్ప కచేరీ ఇక్కడే ఉండాలి. తొమ్మిదింటికి రాగం తానం పల్లవి.

ఎవరు, ఏ రాగాలు, ఎన్ని గంటలకు అన్న పట్టిక పది రోజుల ముందు నాలుగు కేంద్రాల నుంచీ వినిపించి, ఇంటర్నెట్‌లోనూ పత్రికల్లోనూ ఇవ్వండి. సంగీత కళాశాలలకు, బడులకు పంపండి. అంతకన్న ముందు మరో కాగితం సిద్ధం కావాలి. వార్తలు మినహా ఆ రోజు పట్టికలో దేన్నయినా ఆరు నిమిషాల దాకా వెనక్కి జరిపే అధికారాన్ని డ్యూటీ ఆఫీసరుకు లిఖితపూర్వకంగా ఇస్తూ, కేంద్రాధిపతి సంతకంతో ఉత్తర్వు. ఆ కాగితం డ్యూటీ రూంలో బల్ల మీద ఉంటేనే, తని ముక్తాయింపులో ఉండగా గడియారం తొంభై దాటినా మీటను నొక్కకుండా ఆగే ధైర్యం ఎవరికైనా వస్తుంది.

భవదీయులు,
తెలుగు నాట శాస్త్రీయ సంగీత శ్రోతలు, ఉపాధ్యాయులు, ధ్వని ముద్రణ పనివారు